ఉద్యమాలు ఎందుకు మారాయి, ఎలా మారాయి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగువారి సందేహాలు

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలు కళాశాలలో సామాజిక శాస్త్రం చదువుతున్నప్పుడూ, ఊళ్లో భూమి గురించో బడి గురించో సభ జరిగినప్పుడూ ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. వాటిని ఒకచోట చేర్చాను. ఎవరికి కావలసిన ప్రశ్న దగ్గర వారు ఆగి చదువుకోవచ్చు. ప్రతి సమాధానమూ దానికదే పూర్తిగా అర్థమయ్యేలా రాశాను.

## మొదట మాటల సంగతి

ధర్నా, బంద్, ర్యాలీ ఇవన్నీ ఉద్యమాలేనా?

కావు, ఇవి ఉద్యమం వాడుకునే పద్ధతులు. ఒక రోజు రాస్తారోకో జరిగి, మర్నాడు అందరూ ఎవరి పనుల్లోకి వారు వెళ్లిపోతే అది నిరసన. ఒక కోరిక చుట్టూ, మనమంతా ఒకటన్న భావనతో, నెలల తరబడి, ఏళ్ల తరబడి మనుషులు కలిసి నిలబడి అధికారంలో ఉన్నవారిని అడుగుతూనే ఉంటే అది ఉద్యమం. ధర్నా లేకుండా కూడా ఉద్యమం నడుస్తుంది.

మన కొండల్లో పూర్వం పితూరీలు (తిరుగుబాట్లు) జరిగేవి కదా, వాటికీ ఉద్యమానికీ తేడా ఏమిటి?

పితూరీ ఎదురుగా కనిపించే మనిషి మీద లేచేది. పన్ను పెంచిన ముఠాదారు (కొండ ఊళ్ల పన్ను వసూలుదారు), అప్పుకింద పొలం రాయించుకున్న సాహుకారు, వేధించిన ఠాణా దాని గురి. అది ఒక లోయలో రాజుకుని, సైన్యం రాగానే అణగిపోయేది. పక్క జిల్లాలో అదే బాధ పడుతున్నవారికి కబురు అందేలోపే ముగిసేది. ఉద్యమం అలా కాదు. సంఘం, బహిరంగ సభ, వినతిపత్రం, పత్రిక దాని సాధనాలు. ఈ రూపం 18వ శతాబ్దం రెండో సగంలో బ్రిటన్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ స్థిరపడిందని చరిత్రకారుడు చార్లెస్ టిల్లీ చూపించాడు. మనకు అది అచ్చుయంత్రం, రైలు, తపాలా వచ్చాక 19వ శతాబ్దంలో చేరింది.

రెండూ కలిసిన చోటు కూడా మన దగ్గరే ఉంది. కొరాపుట్ కొండల్లో గ్రామ నాయకుడైన లక్ష్మణ్ నాయక్ 1942లో క్విట్ ఇండియా పిలుపు అందుకుని జనాన్ని కూడగట్టాడు. ఆగస్టు 21న మాథిలి పోలీసు ఠాణా దగ్గర కాల్పులు జరిగాయి. ఆ రోజు జరిగిన ఒక మరణాన్ని ఆయన మీద మోపి, 1943 మార్చి 29న బరంపురం జైలులో ఉరితీశారు. కొండ మనిషి తన ఊరి కోపాన్ని దేశమంతటి ఉద్యమంతో ముడివేశాడు. ముత్తాతల కాలపు పితూరీకి ఆ వీలు లేకపోయింది.

## పాత ఉద్యమాల దశ

మన ప్రాంతంలో పాత ఉద్యమాలు దేని గురించి జరిగాయి?

ప్రధానంగా భాష, కూలి, భూమి.

భాష సంగతి ముందు చెప్పుకోవాలి, ఎందుకంటే మనం ఈ రాష్ట్రంలో ఉండడానికి అదే కారణం. ఒడియా మాట్లాడేవారిని ఒకే పాలన కిందికి తేవాలని మధుసూదన్ దాస్ ముందుండి నడిపిన ఉత్కళ సమ్మేళనం 1903లో మొదలైంది. తెలుగువారి మొదటి ఆంధ్ర మహాసభ 1913లో బాపట్లలో జరిగింది. రెండు ఉద్యమాలూ మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం దగ్గర ఎదురుపడ్డాయి. జనాభా లెక్కల్లో ఎవరి భాష ఏమని రాయాలనేది ఆ రోజుల్లో పెద్ద తగవు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమైంది, పర్లాకిమిడి పట్టణం ఒడిశాకు వచ్చింది. ఆ ఊళ్లోనే బడిపంతులుగా పనిచేసి, సవర భాష నేర్చుకుని, పుస్తకాల తెలుగు జనం మాట్లాడే తెలుగుకు దగ్గర కావాలని జీవితమంతా వాదించిన గిడుగు వేంకట రామమూర్తి ఆ విభజనకు నొచ్చుకుని రాజమహేంద్రవరం వెళ్లిపోయారు. ఆయన వ్యావహారిక భాషోద్యమంలో ఊరేగింపులు కనబడవు. వ్యాసాలు, వాదాలు, విద్యాధికారులకు విన్నపాలు, 1919లో స్వయంగా నడిపిన ‘తెలుగు’ పత్రిక, ఇవే ఆయన ఆయుధాలు. అయినా మనం ఈరోజు చదివే వార్తాపత్రిక భాష ఆ ఉద్యమం గెలిచిందనడానికి సాక్ష్యం.

కూలి విషయంలో బరంపురంలో 1894లో పుట్టిన వి.వి. గిరిని గుర్తుచేసుకోవాలి. రాష్ట్రపతి కావడానికి చాలా ముందే ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘానికి నాయకుడు. తొలగించిన కార్మికుల కోసం 1928లో జరిగిన సమ్మె హింస లేకుండా గెలిచింది.

భూమి పోరాటం అన్నింటికన్నా ఎక్కువ రక్తం చూసింది. 1967 అక్టోబరు 31న పార్వతీపురం ఏజెన్సీలోని లేవిడి దగ్గర భూస్వాముల వైపు వారి కాల్పుల్లో ఇద్దరు గిరిజనులు చనిపోయాక, అప్పటిదాకా కూలిరేట్లు, అప్పులు, బంజరు గురించి సాగిన గిరిజన సంఘం పోరాటం సాయుధ మార్గం పట్టింది. అది అణచివేతకు గురైంది. అయితే అదే సమయంలో, 1970లో, గిరిజనేతరుల చేతికి భూమి పోకుండా ఆంధ్రప్రదేశ్‌లో 1/70 చట్టం వచ్చింది. ఓడిన ఉద్యమం చట్టంలో జాడ వదలడం ఎలా ఉంటుందో ఇందులో కనిపిస్తుంది.

అప్పట్లో నాయకుడే సర్వస్వం అన్నట్టు ఎందుకు ఉండేది?

చదువు వచ్చినవారు, పట్నం వెళ్లి అధికారితో మాట్లాడగలిగినవారు ఊరికి ఒకరో ఇద్దరో ఉండేవారు. కబురు వారి ద్వారానే వచ్చేది, అర్జీ వారే రాసేవారు, డబ్బు వారి దగ్గరే ఉండేది. అందువల్ల నాయకుడు జైలుకు పోతే ఉద్యమం ఆగేది, పార్టీలో చేరితే ఉద్యమం కూడా ఆయన వెంట పార్టీలోకి పోయేది.

## మార్పు వచ్చిన దశ

పాఠ్యపుస్తకంలో “కొత్త సామాజిక ఉద్యమాలు” అని ఉంది. ఆ కొత్తదనం ఎక్కడుంది?

పశ్చిమ ఐరోపాలో 1960ల తర్వాత కూలి, పని గంటల పోరాటం వెనక్కి తగ్గి స్త్రీల హక్కులు, పర్యావరణం, అణ్వాయుధాల వ్యతిరేకత, తమ గుర్తింపు వంటి విషయాలపై జనం కదిలారు. వాటికి పండితులు పెట్టిన పేరు అది. అక్కడ పాతవి పొట్ట గురించి, కొత్తవి విలువల గురించి అని విడదీయడం కొంత కుదురుతుంది.

మన దేశానికి ఆ గీత సరిపోదని నా గట్టి అభిప్రాయం. 1973లో హిమాలయాల్లో మొదలైన చిప్కోలో చెట్టును కౌగిలించుకున్న స్త్రీకి ఆ చెట్టే వంటచెరకు, పశువుల మేత, ఊటనీరు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా దుకాణం మూయించిన ఆడవాళ్లకు అది ఇంటి కూలి డబ్బు సమస్య, ఒంటి మీద దెబ్బల సమస్య, ఆత్మగౌరవ సమస్య కూడా. ఆ కదలిక రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సారా నిషేధం వచ్చింది. దీన్ని పాత గూటిలో పెట్టాలా కొత్త గూటిలో పెట్టాలా? పరీక్షలో పుస్తకం చెప్పిన తేడా రాయండి, కానీ మీ ఊరిని చూసేటప్పుడు ఆ తేడాను పక్కన పెట్టండి.

మార్పుకు అసలు కారణం ఏమిటి? ఒక్క మాటలో చెప్పండి.

ఒక్క మాటలో అంటే, చట్టం. దాని చుట్టూ మరికొన్ని కారణాలు ఉన్నాయి.

1894 నాటి భూసేకరణ చట్టం ఉన్న కాలంలో ప్రభుత్వం ప్రజావసరమంటే భూమి ఇవ్వాల్సిందే. జనం పరిహారం గురించి బేరమాడగలరు, లేదా తిరగబడగలరు. మధ్యలో నిలబడే చోటు లేదు. 1996లో షెడ్యూల్డ్ ప్రాంతాల (రాజ్యాంగం కింద ప్రత్యేకంగా గుర్తించిన ఆదివాసీ ప్రాంతాల) గ్రామసభలకు అధికారమిచ్చిన పెసా చట్టం, 2005లో సమాచార హక్కు చట్టం, 2006లో అటవీ హక్కుల చట్టం, 2014 జనవరి 1 నుంచి అమలైన కొత్త భూసేకరణ చట్టం ఆ చోటును ఏర్పరచాయి. ప్రైవేటు కంపెనీ కోసం భూమి తీసుకోవాలంటే నష్టపోయే కుటుంబాల్లో 80 శాతం ఒప్పుకోవాలని ఆ చివరి చట్టం చెప్పింది. ఈ చట్టాలు ఎవరి దయతోనూ రాలేదు, ప్రతి దాని వెనుకా ఏళ్ల తరబడి సాగిన పోరాటాలున్నాయి. కానీ ఒకసారి వచ్చాక అవి ఉద్యమం నడకనే మార్చాయి. “మాకు ఇవ్వండి” అనే అర్జీ “ఈ సెక్షన్ ప్రకారం ఇది మాది, మీరు పాటించలేదు” అనే అర్జీ అయింది.

మిగిలిన కారణాల్లో ముఖ్యమైనవి చదువుకున్న పిల్లలు పెరగడం, సాగు మీదే బతికే ఇళ్లు తగ్గి వలస పెరగడం, ఫోను. పార్టీల మీద నమ్మకం సడలడం కూడా ఒక కారణమే.

కాశీపూర్‌లో ఫ్యాక్టరీ ఆగలేదు, నియమగిరిలో గని ఆగింది. రెండూ రాయగడ జిల్లాయే కదా, ఎందుకలా జరిగింది?

ఉద్యమాలు ఎలా మారాయో తెలుసుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు.

కాశీపూర్ ప్రాంతంలో బాక్సైట్ తవ్వకానికీ అల్యూమినా కర్మాగారానికీ ఎదురుగా 1990లలో ఆదివాసులు కదిలారు. 2000 డిసెంబరు 16న మైకంచ్ గ్రామంలో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ తర్వాత భాగస్వామిగా ఉన్న నార్వే కంపెనీ నార్స్క్ హైడ్రో 2001లో తప్పుకుంది, కెనడా కంపెనీ ఆల్కన్ 2007లో తప్పుకుంది. అంటే విదేశాల్లో ఒత్తిడి తేవడంలో ఈ ఉద్యమం ముందే నడిచింది. అయినా కర్మాగారం కట్టారు, అది ఈరోజు నడుస్తోంది. ఆ రోజుల్లో ఊరివాళ్లు వద్దంటే దానికి చట్టంలో విలువ ఎంతో తేల్చే వేదిక వారికి దొరకలేదు.

నియమగిరి కొండ రాయగడ, కలహండి జిల్లాల్లో విస్తరించి ఉంది. డొంగ్రియా కోందు ఆదివాసులకు అది వారి దేవుడు నియమరాజు ఉండే చోటు, కొండ మీది ఊటలే వారి పంటలకు నీరు. కొండ కింద లాంజిగఢ్‌లో కట్టిన వేదాంత కర్మాగారానికి కొండపై బాక్సైట్ తవ్వాలన్నది ప్రతిపాదన. ఇక్కడా మొదట ఊరి సభలు, కర్రలు పట్టుకుని చేసిన కాపలా, పాదయాత్రలు ఉన్నాయి. దానికి తోడు నార్వే ప్రభుత్వ పెన్షన్ నిధి 2007లో, ఇంగ్లండ్ చర్చి 2010లో ఆ కంపెనీ వాటాలు వదులుకున్నాయి. 2010 ఆగస్టులో పర్యావరణ మంత్రిత్వ శాఖ అటవీ అనుమతి నిరాకరించింది. విషయం సుప్రీంకోర్టుకు వెళ్లింది. 2013 ఏప్రిల్ 18న కోర్టు, అటవీ హక్కుల చట్టం కింద ఆ కొండపై తమ పూజకూ తమ సముదాయానికీ ఉన్న హక్కులేమిటో గ్రామసభలే పరిశీలించి తేల్చాలని చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం రాయగడలో 7, కలహండిలో 5 ఊళ్లను ఎంపిక చేసింది. ఇంకా చాలా ఊళ్లను అడగాలని ఉద్యమకారులు అభ్యంతరం చెప్పినా సభలకు కూర్చున్నారు. జూలై 18న సెర్కపాడిలో మొదలై ఆగస్టు 19న జరపాలో ముగిసిన ఆ పన్నెండు పల్లిసభల్లో (ఒడిశాలో ఒక్కో ఊరి సభను ఇలా అంటారు), జిల్లా జడ్జి హోదా అధికారి చూస్తుండగా, పన్నెండూ గని వద్దన్నాయి. కర్మాగారం మాత్రం వేరే చోటి బాక్సైట్‌తో నడుస్తూనే ఉంది. కాబట్టి దీన్ని పూర్తి విజయం అనడం సరికాదు.

కాశీపూర్ వాళ్లకు ధైర్యం తక్కువ కాదు. వారి తర్వాత వచ్చిన చట్టం నియమగిరికి ఒక పీట వేసింది. కానీ ఆ పీట మీద కూర్చుని, అధికారుల ముందు తడబడకుండా, పన్నెండు ఊళ్లూ ఒకే మాట చెప్పాయంటే, ఏళ్ల తరబడి ఊరూరా జరిగిన రాత్రి సభలే దానికి కారణం. కోర్టు తీర్పును మాత్రమే చెప్పి ఆ సభలను వదిలేసే కథనాలు నాకు బాధ కలిగిస్తాయి.

మగవాళ్లంతా సూరత్‌లో ఉంటే ఉద్యమం చేసేదెవరు?

గంజాం జిల్లా నుంచి సూరత్ మరమగ్గాలకు పోయేవారు తరతరాలుగా ఉన్నారు. మన తెలుగు ఇళ్ల నుంచి విశాఖపట్నం, హైదరాబాద్, చెన్నై కూడా పోతారు. దీనివల్ల రెండు మార్పులు వచ్చాయి. ఊళ్లో సభకు వచ్చేవారిలో ఆడవాళ్లు, ముసలివారు ఎక్కువయ్యారు. పొదుపు సంఘాల ద్వారా బ్యాంకుకూ బ్లాకు ఆఫీసుకూ తిరిగిన అనుభవం ఆడవాళ్లకు ఉంది కాబట్టి సారా దుకాణం, రేషన్, నీళ్ల వంటి విషయాల్లో వారే ముందుంటున్నారు. రెండోది, దూరాన ఉన్న కొడుకు డబ్బు పంపుతాడు, ఫోన్‌లో సలహా చెబుతాడు, కానీ తీర్మానం మీద సంతకం పెట్టడానికి ఉండడు. పల్లిసభలో సంఖ్య చాలకపోవడానికి ఇదొక పెద్ద కారణం. పండక్కి అందరూ ఊరికి వచ్చే రోజుల్లో సభ పెట్టించుకోవడం చాలా ఊళ్లు నేర్చుకోవలసిన పని.

ఎన్‌జీవోలు వచ్చి ఉద్యమాలను పాడుచేశాయంటారు, నిజమేనా?

సగం నిజం. చట్టం చదివి చెప్పేవారు, లాయరును పెట్టేవారు, పటం గీసేవారు కావాలి, ఆ పని సంస్థలు చేశాయి. 1997లో సుప్రీంకోర్టు ఇచ్చిన సమతా తీర్పు, ఆంధ్రప్రదేశ్ షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు గనులకు ఇవ్వరాదన్న తీర్పు, అలాంటి ఒక సంస్థ వేసిన కేసు వల్లే వచ్చింది. అయితే సంస్థకు ప్రాజెక్టు గడువు ఉంటుంది, ఉద్యమానికి ఉండదు. జీతం తీసుకునే కార్యకర్త వెళ్లిపోయాక సభ ఎవరు పిలుస్తారన్న ప్రశ్నకు ఊరి దగ్గర జవాబు ఉంటే ఆ సంస్థ వల్ల మేలే జరిగినట్టు.

రెండు ఉద్యమాలు ఎదురెదురైతే ఎవరి వైపు ఉండాలి?

ఇది మన తీరంలో ప్రతి ఏడూ ఎదురయ్యే విషయమే. ఋషికుల్య నదీముఖానికి ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. వాటి రక్షణ కోసం నవంబరు 1 నుంచి మే 31 వరకు తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపు యంత్రపు పడవల వేట నిషేధం. తాబేళ్ల కోసం పోరాడినవారి కోరిక న్యాయమైనది. అక్కడ వేట మీద బతికే, తెలుగు మాట్లాడే నోలియా కుటుంబాల ఆకలీ న్యాయమైనదే. ఏడు నెలల నష్టాన్ని అతి తక్కువ ఆస్తి ఉన్నవారి నెత్తిన పెట్టి పెద్ద ట్రాలర్లను చూసీ చూడనట్టు వదిలేస్తే ఏ రక్షణా నిలవదు. నిషేధ కాలపు భృతి గురించి తాబేళ్ల రక్షకులే ముందుండి అడగాలని నేను అంటాను. గుడ్ల చోటుకు కాపలా ఉండేది కూడా ఆ తీరపు పల్లెల కుర్రవాళ్లే.

## ఫోను వచ్చాక

వాట్సాప్ గ్రూపులో ఐదు వందల మంది ఉన్నారు, సభకు ముప్పై మందే వచ్చారు. ఎందుకిలా?

గ్రూపులో చేరడానికి ఒక వేలు చాలు, సభకు రావడానికి ఒక పూట కూలి పోతుంది. ఈ రెంటినీ ఒకే కొలతతో చూడకూడదు.

పూర్వం పెద్ద ఊరేగింపు జరగాలంటే నెలల తరబడి ఊరూరా తిరిగేవారు. ఆ తిరుగుడులో ఎవరు నమ్మదగినవారో, ఎవరు డబ్బు లెక్క సరిగా రాస్తారో, ఇద్దరు పోట్లాడుకుంటే ఎవరు సర్దిచెబుతారో తెలిసేది. ఇప్పుడు జనం ముందు పోగవుతారు, అలా తెలుసుకోవడం మాత్రం జరగకుండానే పోతుంది. 2011లో ఈజిప్టులో జనం కొద్ది వారాల్లో పాలకుణ్ణి దించారు, కానీ ఆ తర్వాత దేశం ఎలా నడవాలో తేల్చుకునే సంఘబలం రాజధాని చౌకులో చేరినవారికి లేకపోయింది. మన దేశంలో 2020 నవంబరు నుంచి ఢిల్లీ సరిహద్దుల్లో ఏడాదికి పైగా రైతులు కూర్చున్నారు. వారూ ఫోను బాగా వాడారు. కానీ వారి వెనుక దశాబ్దాల నాటి రైతు సంఘాలు, ఊరి నుంచి వంతులవారీగా వచ్చే ట్రాక్టర్లు, అందరికీ ఉచితంగా భోజనం పెట్టే లంగర్ వంటశాలలు ఉన్నాయి. 2021 నవంబరులో మూడు సాగు చట్టాలనూ పార్లమెంటు రద్దు చేసింది.

నాయకుడు లేని ఉద్యమం నిలుస్తుందా?

నాయకుడు లేకుండా నిలుస్తుంది, నిర్ణయం చేసే పద్ధతి లేకుండా నిలవదు. ప్రభుత్వం చర్చకు పిలిచినప్పుడు ఎవరు వెళ్లాలి, వారు దేనికి ఒప్పుకోవచ్చు, దేనికి ఒప్పుకోకూడదు అన్నది ముందే తేలి ఉండాలి.

గొడవ జరిగితే ఇంటర్నెట్ ఆపేస్తున్నారు, అలా చేయవచ్చా?

చట్టం కొన్ని పరిస్థితుల్లో అనుమతిస్తుంది. కానీ గడువు లేకుండా ఆపడం చెల్లదనీ, ఆదేశాలను ప్రకటించాలనీ సుప్రీంకోర్టు 2020 జనవరి 10న చెప్పింది.

## ఈరోజు మన ఊళ్లో

తెలుగు బడి కోసం మేం చేసే ప్రయత్నం కూడా ఉద్యమమేనా?

తప్పకుండా. ఒకప్పుడు ఇక్కడి భాషా ఉద్యమం “మా తాలూకా ఏ రాష్ట్రంలో ఉండాలి” అని అడిగింది. ఇప్పుడు “ఉన్న రాష్ట్రంలోనే మా పిల్లలు అమ్మ భాషలో అక్షరాలు దిద్దుకోవాలి” అని అడుగుతోంది. ప్రాథమిక దశలో భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు మాతృభాషలో చదువు చెప్పే వసతి కల్పించాలని రాజ్యాంగం 350ఎ అధికరణం రాష్ట్రాలకు చెబుతోంది. ఒడియాకు వ్యతిరేకంగా మాట్లాడవలసిన పని లేదు, మాట్లాడకూడదు కూడా. ఇరుగుపొరుగు ఒడియా ఇళ్లు మన వెంట సంతకం పెట్టిన అర్జీకి ఎక్కువ బలం ఉంటుంది. సవర పిల్లల బడిలో సవర భాష గురించి కూడా అదే నోటితో అడగకపోతే మన వాదన నిజాయితీగా ఉండదు.

అర్జీ తెలుగులో రాయవచ్చా?

బాధ చెప్పుకునే విన్నపమైతే రాయవచ్చు. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా విన్నవించుకునే హక్కు 350 అధికరణం ఇచ్చింది. కానీ సమాచార హక్కు దరఖాస్తు వేరు. అది ఇంగ్లీషులో, హిందీలో లేదా ఆ ప్రాంతపు అధికార భాషలో ఉండాలని చట్టమే చెబుతోంది, అంటే ఇక్కడ ఒడియాలో. ఈ తేడా తెలియక తెలుగులో రాసిన దరఖాస్తు వెనక్కి వచ్చినవారిని చూశాను. ఒడియా చదువుకున్న మన పిల్లలు ప్రతి వీధిలో ఉన్నారు, వారి చేత రాయించండి.

సభ పెట్టుకోవడానికి పోలీసు అనుమతి కావాలా?

ఆయుధాలు లేకుండా శాంతియుతంగా సమావేశమయ్యే హక్కు రాజ్యాంగం ఇచ్చింది. రోడ్డు మీద ఊరేగింపుకూ మైకుకూ ముందుగా తెలియజేసి అనుమతి తీసుకోవాలి. జనం గుమిగూడకుండా పాత 144 సెక్షన్ కింద ఇచ్చే ఆదేశాలు 2024 జూలై 1 నుంచి కొత్త చట్టమైన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 163 సెక్షన్ కింద వస్తున్నాయి. పాత పేరు వెదికి లేదనుకోకండి.

అటవీ హక్కుల గురించి పల్లిసభ తీర్మానం రాసేటప్పుడు ఏమి చూసుకోవాలి?

ముందు సంఖ్య. సభ్యుల్లో కనీసం సగం మంది ఉండాలి, వచ్చినవారిలో మూడోవంతు ఆడవాళ్లు ఉండాలి. ఇది తప్పితే ఎంత మంచి తీర్మానమైనా కొట్టివేయడానికి కారణం దొరుకుతుంది. తేదీ, చోటు, ఏ విషయంపై సభ అన్నది పైన రాయాలి. చర్చలో ఎవరేమన్నారో నాలుగు వాక్యాలైనా రాయాలి, “అందరూ ఒప్పుకున్నారు” అన్న ఒక్క వాక్యం చాలదు. ఖాళీ కాగితం మీద సంతకాలు తీసుకునే అలవాటు చాలా ఊళ్లలో ఉంది, దాన్ని ఎవరడిగినా ఒప్పుకోకండి. రాసినది సభలో పైకి చదవాలి. ఒడియాలో చదివితే తెలుగు, సవర, కుయి మాట్లాడేవారికి వారి భాషలో మళ్లీ చెప్పాలి, ఆ తర్వాతే వేలిముద్రలు. ముగిశాక ప్రతి పేజీనీ ఫోన్‌తో ఫొటో తీసి, ఊళ్లో ఇద్దరి దగ్గర, సూరత్‌లో ఉన్న ఒక కుర్రవాడి దగ్గర కూడా ఉంచండి.